నల్ల చెవుల గొర్రె రాలే

(నల్లగొండలో అంగన్‌వాడీ టీచర్లు, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. ఆమె మాట్లాడిన తీరునే ఉంచి రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. చిన్నపిల్లల్ని ఎత్తుకొని వచ్చిన తల్లులు ముందటి వరుసల కూసోండమ్మా. పిల్లలు ఏడ్చినా, లేచి తిరిగినా నాకేం ఇబ్బంది లేదు. ముప్పై మూడేండ్లు ఆ చప్పుడులనే మాట్లాడిన. అది లేకపోతేనే నాకు మాట సాగదు.

"పిల్లల్లో ప్రతిభను గుర్తించడం ఎట్ల" అని నాకు విషయం ఇచ్చిన్రు. ప్రతిభ అనంగనే మన కండ్ల ముందట స్టేజీ కనిపిస్తది. పంద్రాగస్టు నాడు పాట పాడిన పిల్ల, వార్షికోత్సవంల డ్యాన్సు చేసిన పిల్లగాడు, చుట్టాలు వస్తే గడగడ పద్యం అప్పజెప్పిన బిడ్డ. వాళ్లకు ప్రతిభ ఉన్నది, కాదనను. కానీ వాళ్లను గుర్తించడానికి మనం ఇక్కడ మీటింగు పెట్టుకునే పని లేదు. వాళ్లు కనబడుతనే ఉన్నరు. నేను ఇయ్యాల మాట్లాడేది కనబడని పిల్లల గురించి.

దేవరకొండ దిక్కు ఒక ఊర్ల పనిచేసేటప్పటి ముచ్చట చెప్త. ఒకటో తరగతిల గొర్లు కాసే ఇంటి పిల్లగాడు ఒకడు ఉండె. ఆరేండ్లు అప్పుడప్పుడే నిండినయి. ఇరవై దాక వరుసగ చెప్పుమంటే పన్నెండు దాటంగనే దారి తప్పేది. పన్నెండు, పదిహేను, పద్దెనిమిది, మళ్ల పదమూడు. నేను ఓపికగనే చెప్పిన అనుకుంటున్న, కానీ లోపల మాత్రం వీనికి లెక్కలు రావు అని గీత గీసేసుకున్న.

ఒకనాడు బడి విడిచినంక బస్సు కోసం ఊరి బయట చింతచెట్టు కింద నిలబడ్డ. పొద్దు గూకుతున్నది. గొర్ల మంద ఇంటికి మర్లింది. తండ్రి దడి తలుపు తీసి పట్టుకున్నడు, పిల్లగాడు ఆ పక్కన నిలబడ్డడు. గొర్లు ఒక్కొక్కటిగ, కొన్ని రెండ్రెండుగ, తోసుకుంట లోపలికి దూరుతున్నయి. ఎంత లేదన్నా డెబ్బయి ఎనభై ఉంటయి. వీని నోట్లె లెక్క లేదు, చేతివేలు ముడుస్తలేడు. ఊకె చూస్తున్నడు. ఆఖరుది దూరినంక, "నాయినా, నల్ల చెవుల గొర్రె రాలే" అన్నడు.

తండ్రి మారు మాట్లాడలే. "మంచిగ చూసినవా" అని కూడ అడగలే. కట్టె అందుకొని వచ్చిన దారినే వెనకకు పోయిండు.

నా బస్సు వచ్చింది, పోయింది కూడ. నేను అట్లనే చూసుకుంట నిలబడ్డ. ఆ ఆరేండ్ల పిల్లగాని మాట మీద వాళ్ల నాయినకు ఎంత నమ్మకం! నేను మూడు నెలల నుంచి వానికి పాఠం చెప్తున్న, నాకు అండ్ల ఇసుమంత లేదు.

తెల్లారి బడిల దగ్గరికి పిలిచి, "అన్ని గొర్లల్ల అది రాలేదని ఎట్ల తెలిసిందిరా" అని అడిగిన. వానికి నా ప్రశ్ననే అర్థం కాలే. "అది రాలే గదా టీచర్" అన్నడు. నిజమే. ఇంట్ల అయిదుగురు ఉంటే అన్నం కాడ అమ్మ లేదన్న సంగతి మనం లెక్కపెట్టి తెలుసుకుంటమా? వానికి ఆ ఎనభై గొర్లు ఎనభై మొకాలు. ఏ పిల్ల ఏ తల్లిదో, ఏది కుంటుతదో, ఏది ఎప్పుడు ఈనిందో అన్నీ ఎరుకే. చెట్ల ఆకుల్ని చూసి జాతి చెప్పే శాస్త్రవేత్తకు, ఎక్స్‌రే చూసి ఇక్కడ తేడా ఉన్నదని పట్టుకునే డాక్టరుకు కావాల్సింది ఈ కన్నే. వానిది కాని చోట కూసోబెట్టి, వాని కాడ లేనిదాన్ని రోజూ అడుగుకుంట, వీని కాడ ఏమీ లేదని నేను అనుకున్న.

అప్పుడు సీతాఫలాల కాలం. పిల్లలు తిని ఉమ్మేసిన గింజలు ఏరిపిచ్చి కడిగి, ఒక డబ్బాల పోసి వానికిచ్చిన. "మీ మందల ఒక్కో గొర్రెకు ఒక్కో గింజ పెట్టుకుంట రా" అన్న. మొకం మొకం తలుసుకుంట బండ మీద వరుస పెట్టుకుంట పోయిండు. పది గింజలు అయినంక ఒక గీత గీయమన్న. దసరా సెలవులు వచ్చేలోపల వంద దాటిండు. అండ్ల నా గొప్పతనం ఏం లేదు. వాడు నడిచే తొవ్వ నాకు అప్పుడు కనబడ్డది, అంతే.

ఒక్కపూట పరీక్ష పెట్టి పిల్లల్ని వేరుచేసే పని పెద్దపెద్దోళ్లే చేసి చూసిన్రు. అమెరికాల కాలిఫోర్నియాల లూయిస్ టెర్మన్ అనే ప్రొఫెసర్ 1921ల ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టిండు. తెలివి పరీక్షలు పెట్టి, బాగా ఎక్కువ మార్కులు వచ్చిన పిల్లల్ని సుమారు 1,500 మందిని ఎంచుకొని, వాళ్లు పెద్దగైనంక ఏమైతరో చూసుకుంట పోయిన్రు. వాళ్లల్ల మంచి చదువరులు, మంచి ఉద్యోగస్తులు చానామంది అయిన్రు. కానీ ఆ పరీక్ష రాసి, మార్కులు సరిపోక బయట మిగిలిన పిల్లగాండ్లల్ల ఇద్దరు ఉన్నరు. ఒకరు విలియం షాక్లీ, ఇంకొకరు లూయిస్ ఆల్వరెజ్. షాక్లీకి 1956ల, ఆల్వరెజ్‌కు 1968ల భౌతికశాస్త్రంల నోబెల్ బహుమతి వచ్చింది. మీ చేతులల్ల ఉన్న ఫోన్లు నడిచేది ట్రాన్సిస్టర్ల మీద. షాక్లీకి నోబెల్ వచ్చింది ఆ ట్రాన్సిస్టర్ పనికే. ఎంచుకున్న ఆ పదిహేను వందల మందిల మాత్రం ఒక్కరికి కూడ నోబెల్ రాలే. పరీక్షలు దండుగ అని నేను అనను. ఒక్కనాటి చూపు మీద పిల్లల్ని ఇటు కొందరు, అటు కొందరు అని పంచకుండ్రి అంటున్న.

ఇంకో చిన్న సంగతి, టీచర్లు ఇది తప్పక గుర్తు పెట్టుకోవాలె. ఒకటో తరగతిల పక్కపక్కన కూసున్న ఇద్దరు పిల్లలకు పదకొండు నెలల తేడా ఉండొచ్చు. నలభై ఏండ్లోళ్లకు పదకొండు నెలలు లెక్కల్లోకే రావు. ఆరేండ్ల బిడ్డకు అది బతుకుల దగ్గరదగ్గర ఆరో వంతు. పెద్దోడు పలక మీద గుండ్రంగ రాస్తడు, చిన్నోనికి బలపమే నిలువదు. మనం పెద్దోన్ని హుషారు అంటం, చిన్నోన్ని మొద్దు అంటం. కెనడాల ఐస్ హాకీ ఆడే పిల్లల్ని పరిశీలిస్తే, పెద్ద జట్లకు ఎంపికైనోళ్లల్ల జనవరి, ఫిబ్రవరి, మార్చిల పుట్టినోళ్లే ఎక్కువ ఉన్నరు. ఎందుకంటే అక్కడ వయసు లెక్క జనవరి ఒకటి నుంచి మొదలైతది. కొన్ని నెలలు ముందు పుట్టినోడు కొంచెం ఎత్తు, కొంచెం బలం. వాన్ని ఎంచుకుంటరు, మంచి కోచ్‌ను ఇస్తరు, ఎక్కువ ఆడిస్తరు. పదేండ్లకు వాడు నిజంగనే మంచి ఆటగాడు అయితడు. మొదలు ఉన్నది నెలల తేడానే. మీ హాజరు పట్టికల పేర్లకు ఎదురుంగ పుట్టిన తేదీ ఉంటది. ఎవ్వరినన్న మందం అనేముందు ఒక్కసారి ఆ తేదీ చూడండి.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్త. చెప్పుకోవాలంటే ఇప్పటికీ బరువుగనే ఉంటది.

ఇంకో బడిల, రెండో తరగతి. పిల్లగాడు పిలిస్తే పలకడు. పేరు పెట్టి రెండుసార్లు, మూడుసార్లు పిలవాలె. పాఠం చెప్తుంటే కండ్లు పెద్దగ చేసి నా మొకమే చూస్తడు, ఏమన్న అడిగితే నోరు తెరవడు. పలక తిప్పి చూస్తే మాత్రం మీద బొమ్మలు. బోరుబావి, మోటారు, దానికి బిగించిన బోల్టులు, స్టార్టర్ డబ్బా, వైర్లు ఎక్కడెక్కడ వంగినయో అట్లనే. నేను చెరిపేసి అక్షరాలు రాయమనేది. ఒకనాడు కోపమొచ్చి పలక గుంజుకొని వెనక వరుసకు పంపిన. అక్కడ ఒక ఏడాది కూసున్నడు. ఆ తర్వాత బడికి ఆరోగ్య పరీక్షలకు డాక్టర్లు వచ్చిన్రు. వాని రెండు చెవులు చీము పట్టి ఉన్నయి. చిన్నప్పటి నుంచి కారుతున్నదట, ఇంట్ల ఆముదం పోసి దూది పెట్టిన్రు. మాట వానికి సగం కూడ వినబడుతలేదు. నా మొకం మీద కండ్లు పెట్టి చూసింది పెదవులు చదువుకోవడానికి. అసొంటి పిల్లగాన్ని నేను వెనక వరుసకు, నా పెదవులు కనబడని చోటుకు పంపిన.

వైద్యం చేపిచ్చినంక కొంత వినికిడి వచ్చింది. ముందటి వరుసకు తెచ్చుకున్న, పలక మీద బొమ్మలు చెరపడం మానేసిన. "మోటార్" అని ఆ బొమ్మ కిందనే రాపిచ్చిన. అట్ల బొమ్మల కిందికి అక్షరాలు వచ్చినయి. ఇప్పుడు ఆయన మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నడు. కాలిన మోటారు విప్పి, తీగ చుట్లు ఒక్కొక్కటి చూసుకుంట మళ్ల చుట్టే పని. ఆ చేతులల్ల ఉన్న ఒద్దిక మా ఊరి రైతులందరికీ తెలుసు. నేను పోతే స్టూల్ వేసి కూసోబెడ్తడు. ఆ ఏడాది సంగతి ఆయన ఎన్నడూ ఎత్తడు, నాకే యాదికొస్తది.

అందుకని అడుగుతున్న. బిడ్డకు ఏమొచ్చు, ఏం రాదు అని చూసేముందు కండ్లు కనబడుతున్నయా, చెవులు వినబడుతున్నయా అన్నది చూడండి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని ఉన్నది. అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లల్ని ఏడాదికి ఒకసారి ఆరోగ్య పరీక్ష చేయాలె. టీం వచ్చిననాడు పిల్లలు ఎవ్వరూ ఎగ్గొట్టకుండ పిలుచుకరండి. "నాకు ఈ బిడ్డ మీద అనుమానం ఉన్నది సార్, మంచిగ చూడండి" అని పేరు పెట్టి చెప్పండి. వాళ్లు ఒక్కరోజు చూస్తరు, మీరు రోజూ చూస్తరు.

మన నల్లగొండ ముచ్చట ఇంకొకటి ఉన్నది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు పండ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు పడేవి. ఆ పిల్లలు నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటరు. పాట పాడమంటే నోరు విప్పరు. గొంతు లేక కాదు, పండ్లు కనబడతయని. మంచి గొంతు ఉన్న ఆడపిల్లను ఒకామెను నేను మూడేండ్లు మూగపిల్ల లెక్క చూసిన. ఒకనాడు వంటగది వెనక పోయి చూస్తే, బియ్యం ఏరుకుంట గోడ దిక్కు తిరిగి పాడుతున్నది. బతుకమ్మ పాట, ఒక్క చరణం తప్పలే. స్టేజీ ఎక్కకుంట ఆ గోడ దిక్కు తిరిగి పాడే పిల్లలు ఎంతమంది ఉన్నరో ఒకసారి తలుసుకోండి.

లేరు అనుకునే అలవాటు ఈ నేల మీద పాతదే. తెలంగాణల కవులే లేరని ఒకాయన రాస్తే సురవరం ప్రతాపరెడ్డి గారు కొట్లాటకు పోలే, వెతకడానికి పోయిండు. మన పాలమూరు బిడ్డ. ఊరూరా ఉత్తరాలు రాసి, పద్యాలు తెప్పిచ్చి, 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చేసిండు. అండ్ల 354 మంది కవులు తేలిన్రు. వాళ్లు ఆ ఏడాదే పుట్టలే గదా! అంతకుముందు ఎవ్వరూ అడగలే, అంతే. నా దృష్టిల టీచరు పని అదే పని. మీ తరగతిల ముప్పై మంది ఉంటే ముప్పై ఇండ్లకు ఉత్తరం రాసినట్లు అడగాలె.

ఇంటికి పోయి అడిగితే ఏం దొరుకుతదో చెప్త. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట దర్శనం మొగిలయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తడు, 2022ల పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప గారు బుర్రవీణ వాయిస్తడు, 2024ల పద్మశ్రీ వచ్చింది. ఇద్దరికీ వయసు మీద పడ్డంకనే ఆ గౌరవం దక్కింది. ఆ వాద్యాలు వెదురుబొంగు, ఎండిన సొరకాయ బుర్రలతోని తయారైతయి. అసొంటి ఇండ్లల్ల పుట్టిన పిల్లలు ఇప్పుడు కూడ మన బడులల్ల ఉన్నరు. వాళ్లు బల్ల మీద వేళ్లతోని దరువు వేస్తే "చప్పుడు చేయకు" అంటం. ఒక్కసారి ఆ దరువును చివరి దాక విని, "మళ్ల వాయించు" అన్నోళ్లు ఎంతమంది? నేను అనలే. రిటైర్ కాకముందు నాలుగేండ్ల నుంచే అనడం మొదలుపెట్టిన.

ఆలేరు కాడి శారాజీపేట చింతకింది మల్లేశం గారి సంగతి మీకు తెలిసిందే. చేనేత ఇల్లు. నేసేముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి చుట్టే పనిని ఆసు పోసుడు అంటరు. ఆ పనిల తల్లి ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలె. రాత్రి అయితే భుజం గుంజి ఆమెకు నిద్ర పట్టేది కాదు. ఆయన బడి చదువు మధ్యలనే ఆగింది. ఏండ్లకేండ్లు కుస్తీ పట్టి 1999ల ఆసు యంత్రం తయారుచేసి దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టిండు. 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు. యంత్రం గురించి అందరం చెప్పుకుంటం. నాకు ఎప్పుడూ యాదికొచ్చేది ఆ యంత్రం కంటె ముందటి సంగతి. అమ్మ చెయ్యి ఎట్ల కదులుతున్నది, ఎక్కడ నొస్తున్నది అని ఒక పిల్లగాడు కూసొని చూసిండు. ఆ చూపుకు మన ప్రోగ్రెస్ కార్డుల గడి లేదు.

ఆడపిల్లల ప్రతిభ అయితే పనిల కలిసిపోతది, మనకు ఆనవాలే దొరకదు. ఎనిమిదేండ్ల పిల్ల ఒకతె బడి ముందట సంక్రాంతి ముగ్గు వేస్తున్నది. ఏడు చుక్కలు, సందు చుక్కలు నాలుగు దాక. నడిమిట్ల ఏడు పెట్టి, పైన ఆరు, అయిదు, నాలుగు, కింద కూడ అట్లనే. "మొత్తం ఎన్ని చుక్కలు బిడ్డా" అని ఊరికెనే అడిగిన. ముగ్గు చేతి నుంచి కారుతనే ఉన్నది, తల ఎత్తకుంట "ముప్పై ఏడు" అన్నది. లెక్కపెట్టినట్లే లేదు. ఎట్ల అంటే, "మీద పదిహేను, కింద పదిహేను, నడుమ ఏడు" అన్నది. పెద్ద లెక్కను రెండు సమానమైన ముక్కలు చేసి, మిగిలినదాన్ని కలిపింది. ఆ ఉపాయం ఆమెకు ఎవ్వరూ చెప్పలే. ఆ పిల్లకు లెక్కల నోట్‌బుక్కుల యాభైకి పదిహేడు మార్కులు ఉన్నయి. ఎందుకంటే మొన్నటి పరీక్ష రాత లెక్కలది, ఆమె తెలుగు చదవడంల వెనకబడి ఉన్నది, ప్రశ్ననే అర్థం కాలే. ముగ్గును నల్లబల్ల మీదికి తెచ్చి, తొమ్మిది చుక్కలైతే ఎన్ని, పదకొండైతే ఎన్ని అని తరగతి మొత్తాన్ని అడిగిన. ఆనాడు ఆమెనే అందరికీ టీచరు. మీరు ఇంటికి పోయినంక తొమ్మిది నుంచి అయిదు దాక సందు చుక్కల లెక్క చేసి చూడండి, మంచిగుంటది.

భాష మాట వచ్చింది కాబట్టి తండా పిల్లల గురించి కూడ ఒక మాట. ఇంట్ల లంబాడి భాష, ఆటల తెలుగు, 2022-23 నుంచి సర్కారు బడులల్ల కూడ ఇంగ్లీషు మీడియం. అయిదేండ్ల బిడ్డ మూడు భాషల నడుమ నిలబడి ఒక్క నిమిషం ఆగితే దాన్ని మొద్దుతనం అంటమా? ఆ బిడ్డ నాయినమ్మకు ఆధార్ కాయితం అర్థం చేపిచ్చి, మనతోని తెలుగుల మాట్లాడి, ఇంటికి పోయి తమ్మునికి లంబాడిల కథ చెప్తది. మూడు భాషలల్ల తిరిగే నాలుక చిన్న ప్రతిభనా? తండా పిల్లలకు ముందు వాళ్ల భాషల కథ చెప్పే అవకాశం ఇయ్యండి. మనకు అర్థం కాకపోయినా, వాళ్ల చేతులు, కండ్లు, మిగతా పిల్లల నవ్వులు చూస్తే ఎవరు కథకులో తెలిసిపోతది.

సరే, చూసినం. ఇగ పెంచడం ఎట్ల?

నేను మొదట చెప్పేది, తొందరపడి బహుమతి ఇయ్యకుండ్రి. ఇది వింటే మీకు వింతగ ఉంటది. 1973ల అమెరికాల ఒక నర్సరీ బడిల, రంగు స్కెచ్ పెన్నులతోని బొమ్మలు వేయడం అంటే ఇష్టం ఉన్న మూడు నుంచి అయిదేండ్ల పిల్లల మీద ఒక ప్రయోగం చేసిన్రు. కొందరికి "బొమ్మ వేస్తే రిబ్బన్ పెట్టిన సర్టిఫికెట్ ఇస్తం" అని ముందే చెప్పిన్రు. కొందరికి ఏమీ చెప్పలే. బొమ్మలు వేయించిన్రు, ముందే చెప్పినోళ్లకు సర్టిఫికెట్ ఇచ్చిన్రు. కొన్ని రోజులైనంక పెన్నులు ఊరికెనే బల్ల మీద పెట్టి దూరం నుంచి చూస్తే, సర్టిఫికెట్ ఆశ పెట్టిన పిల్లలు మిగతా పిల్లలు వేసినదాంట్ల సగం సేపే బొమ్మలు వేసిన్రు. ఆట పని అయింది, కూలి రాకపోతే పని ఎందుకు అనుకున్నరు. మన బడులల్ల నాలుగేండ్ల పిల్లలకు డ్రాయింగ్ పోటీ పెట్టి ఫస్టు, సెకండ్, థర్డ్ అని పిలిస్తే, ముగ్గురికి కప్పు దొరుకుతది, ఇరవై ఏడు మందికి "నాకు బొమ్మలు రావు" అనే మాట దొరుకుతది. అది అరవై ఏండ్ల దాక పోదు. ఈ హాలుల ఎంతమంది "నాకు బొమ్మలు రావు" అంటరో చేతులు ఎత్తండి. చూసిన్రా? ఎవరన్న ఒకరు మీకు చెప్పిన మాటనే అది.

మెచ్చుకోవడంల కూడ తేడా ఉన్నది. కరోల్ డ్వెక్, క్లాడియా ముల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 1998ల అచ్చేసిన పనిల, అయిదో తరగతి పిల్లలకు పజిళ్లు ఇచ్చి, కొందరిని "నువ్వు చాన తెలివిగలదానివి" అన్నరు, కొందరిని "మంచిగ కష్టపడ్డవు" అన్నరు. ఆ తర్వాత ఎసొంటి పజిళ్లు కావాలె అని అడిగితే తెలివి అనిపిచ్చుకున్నోళ్లల్ల చానామంది అలకటివి ఎంచుకున్నరు. ఓడిపోతే తెలివి పోయినట్లే గదా వాళ్లకు! మనం బిడ్డను ముద్దు చేసుకుంట "మా ఇంట్ల సైంటిస్టు" అంటం. అట్ల అనకుంట, "ఈ గోడకు ఇటుక ఎట్ల నిలబెట్టినవు, నాకు చెప్పు" అనండి. ప్రశ్న అడిగితే అది మెచ్చుకోవడం కంటె ఎక్కువ. మీరు నిజంగ చూసిన్రని బిడ్డకు తెలుస్తది.

గొప్ప గురువు కోసం ఇప్పటి నుంచే వెతుకుడు వద్దు. బెంజమిన్ బ్లూమ్ అనే ఆయన తన బృందంతోని పియానో వాయించేటోళ్లు, శిల్పులు, ఈతగాళ్లు, టెన్నిస్ ఆటగాళ్లు, గణిత శాస్త్రజ్ఞులు, నాడీ శాస్త్రజ్ఞులు, అట్ల ఒక 120 మంది దాక గొప్పోళ్ల చిన్నతనాలు తవ్వి చూసి 1985ల పుస్తకం వేసిండు. వాళ్లల్ల చానామందికి మొదటి గురువు పేరున్న విద్వాంసుడు కాదు. పక్కింటామె, దగ్గరి బడి టీచరు. మంచిగ నవ్వుతది, ఆటలెక్క నేర్పుతది, వచ్చేవారం మళ్ల పోవాలె అనిపిస్తది. అదే చాలు మొదట్ల. అంగన్‌వాడీ టీచరమ్మలూ, మీ జీతం ఎంతో, మీ మీద ఎన్ని రిజిస్టర్ల బరువు ఉన్నదో నాకు తెలుసు. అయినా ఎందుకు చెప్తున్నంటే, ఆ మొదటి గురువు స్థానం మీదే. పెద్ద కోచింగ్ సెంటరోళ్లది కాదు.

సామాన్లకు పైసలు లేవు అంటరు. చింతగింజలు, సీతాఫలం గింజలు, సీసా మూతలు, పాత సైకిల్ ట్యూబు, చెరువు ఒడ్డు బంకమన్ను, విరిగిన గాజులు కాకుండ మంచి గాజులు, కందికట్టె. ఇవి ఒక గంపల పోసి మూలకు పెట్టండి. "ఇది చెయ్, అది చెయ్" అనకుండ్రి. పది నిమిషాలు నోరు కట్టుకొని చూడండి. ఎవరు రంగుల వారీగ పేరుస్తున్నరు, ఎవరు ఎత్తుగ నిలబెడుతున్నరు, ఎవరు అవే గింజలకు పేర్లు పెట్టి పెండ్లి చేస్తున్నరు, ఎవరు గొడవ పడ్డ ఇద్దరిని కలుపుతున్నరు. ఆ కలిపే పిల్లను మరవకుండ్రి, అది కూడ ఒక విద్య. ఒక్కో బిడ్డకు వారానికి ఒక్క వాక్యం నోట్‌బుక్కుల రాయండి. "హుషారు", "పర్వాలేదు" అని రాయకుండ్రి. "మూతలన్నీ పెద్ద నుంచి చిన్న దాక పేర్చింది" అని చేసిన పని రాయండి. ఆర్నెల్లకు ఆ ఇరవై ఆరు వాక్యాలు వరుసగ చదివితే బిడ్డ మీకు కనబడ్తది.

ఆ నోట్‌బుక్కు పాలమూరు దిక్కు బడులకు ఇంకా అవసరం. కోస్గి, నారాయణపేట దిక్కు నుంచి ముంబై బస్సు ఎక్కే ఇండ్లున్నయి, ఇటుక బట్టీలకు పోయే ఇండ్లున్నయి. పిల్లలు సగం ఏడాది ఇక్కడ, సగం ఏడాది అక్కడ. తిరిగి వచ్చేసరికి టీచరు మారుతది, మళ్ల మొదటికి. కొత్త టీచరుకు ఆ బిడ్డ గురించి తెలిసేది గైర్హాజరు ఒక్కటే. ఆ ఇరవై ఆరు వాక్యాల కాయితం టీసీకి పిన్ను కొట్టి ఇయ్యండి. ఏ రూలు అడ్డం రాదు. బట్టీ కాడ ఇటుకలు పేర్చిన బిడ్డకు పొడవు, వెడల్పు, ఎత్తు చేతులకు తెలుసు. అది రాసి పంపితే అక్కడి టీచరు ఆడ్నుంచి మొదలుపెడ్తది.

నా మాటలు చాలు. మీరు ఏమన్న అడగండి.

(ఒక తల్లి లేచి అడిగారు: "మేడం, మా పాపకు నాలుగేండ్లు. పాటలు రావు, డ్యాన్సు రాదు, ఏబీసీడీలు చెప్పుమంటే ఉరుకుతది. ఆమెకు ఏమీ ఇష్టం లేనట్టే ఉంటది. ఏం చూడాలె?")

ఇయ్యాల పొద్దుగాల లేచినంక ఏం చేసిందమ్మా?

("ఏం లేదు మేడం. గోలెం కాడ కూసొని చెంబుల నీళ్లు గిన్నెల పోసుడు, గిన్నెల నీళ్లు చెంబుల పోసుడు. రోజూ అదే పని. బట్టలన్నీ తడుపుకుంటది. రెండు దెబ్బలు కూడ వేసిన.")

ఎంత సేపు పోస్తది?

("నేను గుంజుకొచ్చేదాక పోస్తది.")

గిన్నె పొంగుతదా, అంతకుముందే ఆపుతదా?

("...ఆపుతది మేడం. అంచు దాక వచ్చినంక ఆపి, తల పక్కకు వంచి చూస్తది.")

తల పక్కకు వంచి, నీళ్ల మట్టం చూస్తదా?

("చూస్తది.")

నాలుగేండ్ల బిడ్డకు, నీళ్లు వెడల్పు గిన్నెల నుంచి సన్నటి గ్లాసుల పోస్తే ఎక్కువైనట్టు కనబడ్తది. ఆరేడేండ్లు వచ్చేదాక చానామంది పిల్లలకు అట్లనే అనిపిస్తది. ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోరు, వాళ్లే పోసి పోసి తెలుసుకోవాలె. మీ పాప ఆ పనిల ఉన్నది. రేపు గోలెం కాడ ఇంకో గిన్నె పెట్టమ్మా, పొడుగ్గ, సన్నగ ఉండేది. ఉన్నదా ఇంట్ల?

("మా అత్త మజ్జిగ తాగే ఇత్తడి గ్లాసు ఉన్నది మేడం.")

అది పెట్టు. పాత గౌను తొడిగి కూసోబెట్టు. నువ్వు పక్కన పీట వేసుకొని కూసో.